అన్నయ్యనడిగి చెబుతాను

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగకన్ను అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా చెకింగ్ బల్ల ముందు నిలబడి, ట్యూబ్‌లైటు వెలుగులో చొక్కాలు తిప్పి చూడటమే ఆమె పని. కాలరు నూలుపోగంత వంకరపోయినా ఎర్ర స్టిక్కరు పడాల్సిందే. ఓసారి మేనేజరే వచ్చి, "బాగానే ఉంది కదమ్మా, పంపించెయ్" అంటే, "చూడ్డానికి బాగానే ఉంటుంది సార్. వేసుకునేవాడి మెడ ఒరుసుకుపోతుంది" అని చొక్కా ఆయన చేతిలోనే పెట్టింది.

అంత నోరున్న మనిషి గేటు దాటితే పిల్లిలా అయిపోయేది. ఏ గది అద్దెకు తీసుకోవాలన్నా, ఆఖరికి ఏ ఫ్యాను కొనాలన్నా ఒకటే మాట: "అన్నయ్యనడిగి చెబుతాను." నాన్న చిన్నప్పుడే పోతే ఇంటికి పెద్దదిక్కైనవాడు అన్నయ్య. మందుల షాపులో పని. నచ్చిన ఒక్క సంబంధానికీ అతను పెదవి విరిచాడని ఆమె పెళ్లే మానుకుంది. అమ్మా తనూ ఒక గదిలో ఉండేవాళ్లు.

ఒకరోజు పొద్దున అమ్మ పిలిచిన పిలుపులో జీర వినిపించింది. రెండు వారాలైనా పోలేదు. ముద్ద మింగేటప్పుడు అమ్మ కళ్లు గట్టిగా మూసుకోవడం కూడా ఆమె కంట పడింది. షాపుకు పరిగెత్తింది.

"అన్నయ్యా, అమ్మను పెద్దాసుపత్రిలో చూపిద్దామా? గొంతు మారింది."

"వయసు మీద పడ్డాక మారక ఏం చేస్తుంది? గ్యాసు, అంతే. ఇలాంటివాళ్లను రోజుకు వందమందిని చూస్తాను నేను" అంటూ మాత్రల అట్ట చేతిలో పెట్టాడు.

అది గ్యాసు కాదని ఆమెకు తెలుసు. రెండుసార్లు సెలవు రోజున అమ్మకు చెప్పులు కూడా తొడిగింది. గుమ్మం దగ్గరకొచ్చేసరికి అన్నయ్య మాట గుర్తొచ్చి ఆగిపోయింది. "వాడికి చెప్పకుండా ఎందుకే" అని అమ్మ కూడా అనేసరికి, ఆ చెప్పులు మళ్లీ మంచం కిందకు పోయాయి. అలా నాలుగు నెలలు గడిచాయి.

నీళ్లు కూడా దిగనప్పుడు ముగ్గురూ కలిసి వెళ్లారు. డాక్టరు స్కాన్ ఫిల్ము చూసి, "గొంతు మారి ఎన్నాళ్లైంది?" అని అడిగాడు.

"నాలుగు నెలలు సార్" అంది ఆమె.

"అప్పుడే తెచ్చి ఉంటే ఏదైనా చేయగలిగేవాళ్లం."

అన్నయ్య గిర్రున తిరిగాడు. "నాలుగు నెలలా? నాతో ఒక్క మాటైనా అన్నావా?"

అతను అబద్ధమాడటం లేదు, నిజంగానే మర్చిపోయాడు. అదే ఆమె కడుపు మండించింది. చక్రాల కుర్చీలోంచి అమ్మ, గుసగుసలా మిగిలిన గొంతుతో, "దాన్నేమీ అనకురా. పాపం, దానికేం తెలుసు" అంది.

అమ్మ ఐదు వారాల్లో పోయింది. చెల్లెలు తనకు చెప్పలేదని అన్నయ్య చెప్పిన కథే చుట్టాలందరికీ తెలిసింది. ఆమె కాదనలేదు. చూసింది తను. తీసుకెళ్లగలిగే కాళ్లూ చేతులూ తనవే. తప్పు అతని మీదికి ఎంత నెట్టినా తన వాటా తరగలేదు.

మరుసటి ఏడు ఆమె గొంతే నొప్పి పెట్టింది. "అమ్మ బెంగ. డాక్టర్ల చుట్టూ తిరగకు" అన్నాడు అన్నయ్య. ఈసారి సెలవు పెట్టి ఒక్కతే వెళ్లింది. గొట్టం వేసి చూసి, గుడ్డల దుమ్ము పడక వచ్చిన నొప్పేనని, ముక్కుకు మాస్కు కట్టుకోమని చెప్పారు.

ఆదివారం ఆమె గదిలో టీ తాగుతూ అన్నయ్య నవ్వాడు. "చెప్పానా?"

"చెప్పావు. పెద్ద జబ్బేం కాదన్నది నిజమే. అయినా మళ్లీ అనుమానమొస్తే మళ్లీ వెళ్తాను."

"అంటే నా మాట మీద నమ్మకం లేదన్నమాట."

"లేదన్నయ్యా."

అలా అనగలిగితే గుండె తేలికపడుతుందని ఆమె ఏడాదిగా అనుకుంటోంది. పడలేదు. అతను సగం టీ వదిలేసి లేచాడు. అతను మెట్లు దిగి వీధిలోకి వెళ్లేదాకా చెప్పుల చప్పుడు ఆమెకు వినిపించింది. ఆమె వెనక్కి పిలవలేదు. ఆ తర్వాత అతనూ రాలేదు.