సుత్తి మార్చమన్న బావ

మా అక్క మొగుడు బతుకంతా అచ్చుయంత్రం పక్కన నిలబడ్డవాడు. సొంత ప్రెస్సు. సంపాదనలో ఇంటికి పోగా మిగిలింది పాత బంగారు జేబు గడియారాలకి పెట్టేవాడు. అవి మామూలువి కావు. పక్కనున్న మీట జరిపితే టైమెంతో గంట కొట్టి చెబుతాయి: ముందు గంటలు, తర్వాత పావుగంటలు, చివర నిమిషాలు. చీకట్లో వాడుకోవడానికి చేసినవి. మా బావ మాత్రం పట్టపగలు, ఎదురుగా గోడ గడియారం ఉన్నా మీట జరిపే టైము తెలుసుకునేవాడు. నలుగురూ మాట్లాడుకుంటుంటే చెయ్యెత్తి ఆపి మరీ వినిపించేవాడు.

నాది గడియారాల రిపేరు కొట్టు. ఒకనాడు అన్నిటికంటే ముద్దుగా చూసుకునేదాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"దీని గొంతు పోయిందిరా. సుత్తి తేలికైనట్టుంది. బరువుది వెయ్యి."

మూత తీసి చూశాను. నువ్వుగింజంత సుత్తి, అది కొట్టే సన్నటి ఉక్కు తీగ, రెండూ బాగున్నాయి. మీట జరిపితే పక్కకొట్టు దర్జీ కూడా తలెత్తి చూశాడు.

"ఖంగుమంటోంది కదా బావా," అన్నాను వీధి గోలకి గొంతు పెంచి.

"నీ మొహం. ఈగ ఎగిరినట్టుంది."

"బరువు సుత్తి వేస్తే తీగ విరుగుతుంది. అలాంటిది మళ్ళీ దొరకదు."

"చేతకాదని చెప్పు. రేపు ఇంకో కొట్టుకి తీసుకెళ్తా. వాడు అడిగితే గునపమైనా బిగిస్తాడు."

నిజమే, బిగిస్తాడు. వాడి చేతిపని నాకు తెలుసు. సాయంత్రం ఇంటికి తెచ్చిస్తానని గడియారం నా దగ్గరే ఉంచుకున్నాను.

వెళ్ళేసరికి అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. బావ పక్కగదిలోనే ఉన్నాడని గొంతు తగ్గించి సంగతి చెప్పాను. అక్క తగ్గించలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెవులు పోతే గడియారాన్నంటారా? పిలిస్తే పలక్కపోవడం మొగుళ్ళ గుణం అనుకున్నానురా. ఎంత సర్దుకుపోయానో."

"నువ్వే చెప్పక్కా."

"చెప్తే వినబడొద్దూ?"

మా పనిలో ఒక ఉపాయముంది. వీధి గోలలో గడియారం చప్పుడు తెలియకపోతే స్క్రూడ్రైవరు కొన దానికి ఆనించి, పిడి పళ్ళతో పట్టుకుంటాం. చప్పుడు దవడ ఎముక మీదుగా చెవి లోపలికి చేరుతుంది.

బావ ముందు కూర్చుని గడియారం అంచు ఆయన నోటికి అందించాను. "పళ్ళతో పట్టుకో. కొరక్కు," అని గట్టిగా చెప్పాను.

"చెరకుముక్కనుకున్నావా?" అంటూనే పట్టుకున్నాడు. మీట జరిపాను.

మొదటి దెబ్బకే కళ్ళు పెద్దవయ్యాయి. ఆఖరి నిమిషం కొట్టేదాకా ఊపిరి బిగబట్టి ఉన్నాడు. తర్వాత గడియారాన్ని చొక్కాకి తుడిచి నావైపు చూశాడు.

"సుత్తి మార్చావా?"

లేదని తలూపాను.

"అయితే పోయింది దీని గొంతు కాదన్నమాట."

గుమ్మంలో నిలబడ్డ అక్కకేసి తిరిగాడు. "ఇన్నాళ్ళూ నువ్వు గొణుగుతున్నావనుకున్నానే."

"గొణగలేదు, అరిచాను," అంది అక్క, అరిచే.

బావ గడియారం మళ్ళీ పళ్ళమధ్య పెట్టుకుని తనే మీట జరుపుకున్నాడు.

"రేపు ఆ కొట్టుకి వెళ్తావా బావా?" చెవి దగ్గర నోరుపెట్టి అడిగాను.

నోరు ఖాళీ లేదు. తల అడ్డంగా ఊపాడు.