చెవిమేస్త్రి బిగించిన తొట్టి

మా వీధిలో అతన్ని చెవిమేస్త్రి అంటారు. గోడలో గొట్టం ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి ఇనుప చువ్వ ఒక కొన గోడకు, రెండో కొన చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. మాటలన్నీ గోడలతోనే అయిపోయినట్టు మనుషులతో ముక్తసరిగా ఉంటాడు. ఇరవై ఏళ్లుగా ఎరుగుదును. అయినా ఆ ఉదయం అతను మా గుమ్మంలో సంచీ దించుతుంటే నాకు నమ్మకం కలగలేదు.

కింది వాటాలోని టీచరమ్మ పడకగది పైకప్పు మీద తడి మచ్చ పడింది. దానికి సరిగ్గా పైన మా స్నానాలగది, అందులో మూడు పక్కలా గోడల్లోకి బిగించేసిన ఫైబరు స్నానపు తొట్టి. ఎనిమిదేళ్ల కిందట దాన్ని బిగించింది చెవిమేస్త్రే. మా మేడలో నాలుగు తొట్లూ అతని చేతివే. తప్పు తనదని తేలితే ఈ వీధిలో మళ్లీ అతన్ని పిలిచేవాళ్లుండరు.

“దొంగనే పిలిచి దొంగతనం జరిగిందేమో చూడమన్నట్టుంది. పక్కనే నిలబడండి,” అంది మా ఆవిడ, నాకు మాత్రమే వినిపించేలా.

నిలబడ్డాను. మొదట కుళాయిలన్నీ కట్టించి పావుగంట మీటరు ముందు కూర్చున్నాడు. ముల్లు కదల్లేదు. తర్వాత తొట్టి నింపి, నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీశాడు. రెండు గంటలైనా నీరు గీత దిగలేదు. ఆ నీళ్లలో నీలిరంగు కలిపి గొట్టంలోకి వదిలేసి, కింద మచ్చ మీద తెల్లకాగితం అంటించాడు. మధ్యాహ్నానికి కూడా కాగితం తెల్లగానే ఉంది.

“మరి మచ్చ ఆకాశంలోంచి ఊడిపడిందా మేస్త్రీ?” అంది టీచరమ్మ. నేనూ మేస్త్రీ కూడబలుక్కున్నామని ఆమె అనుమానం.

నాకూ లోపల పురుగు తొలుస్తూనే ఉంది. రంగు చాలినంత కలిపాడా? నేను కాఫీకి లేచినప్పుడు గీత చెరిపి కిందికి గీశాడా? వయసు మీరేకొద్దీ చూపు తగ్గి అనుమానం పెరుగుతుంది కాబోలు.

అప్పుడే సంచీ సర్దుకుంటే అతన్ని ఆపేవాళ్లు లేరు. నీళ్లొచ్చే గొట్టం మంచిదే, పోయే గొట్టం మంచిదే. అతను మాత్రం తొట్టి అంచు వంక చూస్తూ ఉండిపోయాడు.

“ఇప్పటిదాకా నీళ్లనే చూశాం సార్. మనిషిని చూడలేదు.”

తొట్టి మళ్లీ నింపి బట్టలతోనే అందులో కూర్చున్నాడు. తలుపు దగ్గర మా ఆవిడ నవ్వాపుకోలేక నోరు నొక్కుకుంది. గోడకూ తొట్టికీ మధ్య అతుకు మీద టార్చి వేయమన్నాడు. వంగి చూశాను. బరువుకి తొట్టి కాస్త కుంగింది. తెల్లటి సిలికాన్ పూత గోడను వదిలి వెంట్రుకంత నోరు తెరిచింది. దోసెడు నీళ్లు గోడ మీద చల్లితే అవి సందులోకి జారి మాయమయ్యాయి. అతను లేచి బయటికి రాగానే సందు మూసుకుంది, ఏమీ ఎరగనట్టు.

“తొట్టి నింపి, బరువు మీదుండగా ఈ పూత వెయ్యాలి. నేను ఖాళీ తొట్టికే వేసేశాను. తప్పు నాదే సార్.”

నాలుగు తొట్లకీ అంతేనా అని అడిగాను. తల ఊపాడు.

రేపటిదాకా అతుకు ఆరనివ్వమని, పొద్దున వచ్చి నిండు తొట్టికి కొత్త పూత వేస్తానని చెప్పి, టీచరమ్మకు తప్పు ఒప్పుకోవడానికి కిందికి దిగాడు.

“ఊరికే ఎవడొప్పుకుంటాడండీ? ఇందులో ఏదో మెలికుంది,” అంది మా ఆవిడ. నాకూ అలాగే ఉంది. అందుకే తలుపు ఓరగా తెరిచి పెట్టాను.

కాసేపటికి తడి ప్యాంటు మెట్ల మీద నీళ్లోడుస్తూ అతను మా గుమ్మం దాటి పైకెక్కాడు. పై వాటాలో ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. అతను చెప్పకపోతే తెలిసే దారీ లేదు. గంట మోగింది. తొట్టి తనే తప్పుగా బిగించానని, ఒకసారి చూడనివ్వమని అడుగుతున్నాడు.

పైనావిడ తలుపు గొలుసు తీసిన చప్పుడు రాలేదు. “మేం పిలవలేదే? ఇంతకీ నిన్ను పంపిందెవరు?”

“ఎవరూ పంపలేదమ్మా.”

ఆవిడ నమ్మలేదని గొంతులోనే తెలుస్తోంది. నా కళ్లతో చూసింది చెప్పడానికి నేను మెట్లెక్కాను.