ఒత్తుల టీచరు స్టాఫ్ రూమ్

ఆవిడను అందరూ ఒత్తుల టీచరు అనేవాళ్ళు. ఒకప్పుడు పనిచేసిన చిన్న బడిలో పిల్లలు పెట్టిన పేరది. 'అమ్మ' అని రాయమన్నప్పుడు మ కింద ఒత్తు ఎగ్గొట్టినవాణ్ణి ఆవిడ ఆటకు వదిలేది కాదు. పిల్లలు చాలక ఆ బడిని దూరాన ఉన్న పెద్ద బడిలో కలిపేశారు. అక్కడ ఆవిడకు చోటు లేకపోయింది. పేరొక్కటీ వెంట వచ్చింది.

ఆ తర్వాత, చదువురాని పెద్దవాళ్ళకు ఆన్‌లైన్‌లో అక్షరాలు నేర్పే ఒక సంస్థలో చేరింది. ఉండేది చెల్లెలి ఇంట్లో, రెండో అంతస్తు వాటాలో. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, తీరిక దొరకలేదనేది. బాల్కనీకి అద్దాలు బిగించి, బల్లా కుర్చీ వేసి, దాన్నే ఆవిడ తరగతి గది చేశారు. పక్కనే బట్టలు ఆరేసే తీగ ఉండేది. కుర్చీ గోడకు ఆనించి బిగదీసుకుని కూర్చోవాలి. కాస్త అటూ ఇటూ కదిలితే చాలు, వెనకాల మరిది చొక్కా చేతులు ఊపుతూ పాఠంలోకి దిగేది.

పాఠానికి వచ్చేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. లారీ తోలే ఆయన బండి రోడ్డు వారగా ఆపుకుని కూర్చునేవాడు. ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ మెట్ల కింద ముడుచుకుని ఫోను మోకాళ్ళ మీద పెట్టుకునేది. పాఠం అయిపోగానే ఆ ముఖాలు ఒక్కొక్కటే ఆరిపోయి, తెర మీద చివరికి టీచరు ముఖమే మిగిలేది. దాన్ని చూడటం ఇష్టంలేక గబుక్కున మూసేసేది.

పాత బడిలో అయితే పాఠం అయ్యాక స్టాఫ్ రూమ్ ఉండేది. గది అంటే గదీ కాదు, విరిగిన బెంచీలు పడేసే చోటు. అయినా అక్కడ ఎవరో ఒకరు సుద్దముక్క బల్ల మీద విసిరి, "ఇవాళ నా క్లాసు తగలబడిపోయింది" అనేవాళ్ళు. ఇంకొకరు నవ్వేవాళ్ళు, మరొకరు టీ అందించేవాళ్ళు. అంతటితో మనసు తేలికపడేది. ఇప్పుడు పాఠం తగలబడినా ఆ పొగంతా బాల్కనీలోనే.

ఒకరోజు నిజంగానే తగలబడింది. కుట్టుపని చేసుకునే ఒక పెద్దావిడ చాలా శ్రద్ధగా వచ్చేది. ఆ రోజు ఆవిడ కోడలు కూడా గదిలో ఉంది. పెద్దావిడ కూడబలుక్కుని ఒక మాట చదివింది. ఒత్తు వదిలేసింది. టీచరు అలవాటుకొద్దీ ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ వదిలేసింది. మూడోసారి వెనకనుంచి కోడలు నవ్విన చప్పుడు వినిపించింది. పెద్దావిడ కళ్ళజోడు తీసి మడిచింది. అంతే, తెర ఆరిపోయింది. ఆ మర్నాడు రాలేదు, ఆ పైన కూడా రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది.

తను ఏం చేసి ఉండాల్సింది? ఎవరినడగాలి? చెల్లెలితో చెబితే, "వస్తుందిలే అక్కా, ఎక్కడికి పోతుంది" అని మిక్సీ వేసింది. మరిది కాస్త ఆలోచించి, "ఒక ఒత్తు తగ్గితే ఏమవుతుంది వదినగారూ, అర్థమైతే చాలదూ?" అన్నాడు. సంస్థవాళ్ళ సహాయం నంబరుకు చేస్తే, సమస్య శబ్దంలోనా బొమ్మలోనా అని అడిగారు. రెండింట్లోనూ కాదని చెప్పి పెట్టేసింది.

ఇలా ఉండగా, ఇదివరకు పాఠం చెప్పిన సారు ఇంకోలా చెప్పేవారని లారీ ఆయన మాటల మధ్యలో అన్నాడు. తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్న సంగతి ఆవిడకు తెలియకేం కాదు. కానీ ఒక మనిషిగా ఎవరూ తట్టలేదు. ఆ సారు నంబరు అడిగి తీసుకుని, ఒక పూటంతా తటపటాయించి, ఫోను చేసింది.

అవతలినుంచి పెద్ద గొంతు. బస్‌స్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం చేసి, ఆ పనికి యంత్రం వచ్చాక ఇటు వచ్చినవాడు.

"అయితే మీరు నిజంగా ఉన్నారన్నమాట," అన్నాడు. "నా దగ్గర చదివినవాళ్ళంతా ఎటు పోతున్నారా అనుకునేవాణ్ణి."

"నా దగ్గరికే వస్తున్నారండీ. దీర్ఘాలు సాగదీసి సాగదీసి చదువుతున్నారు. అది మీ చలవేనా?"

"బస్‌స్టాండు అలవాటండీ. దీర్ఘం సాగకపోతే జనానికి బస్సు తప్పిపోతుంది."

ఆవిడ నవ్వింది. నవ్వాక, తను ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో అనిపించి కాస్త బెంగ కూడా పడింది.

ఇద్దరూ కలిసి, గురువారం మధ్యాహ్నాలు ఆన్‌లైన్‌లో ఒక గది తెరుద్దామనుకున్నారు. పేరు స్టాఫ్ రూమ్. మొదటిసారి ఆవిడ ప్రారంభోపన్యాసం రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. వచ్చింది ఆ సారొక్కడే. ఉపన్యాసం పక్కన పెట్టి కుట్టుపని ఆవిడ సంగతి చెప్పింది. ఆయన ఓదార్చలేదు. తన దగ్గర అలిగి వెళ్ళిపోయిన ఒక కాపలాదారు కథ చెప్పాడు. అదే ఆ గదికి పద్ధతైపోయింది. ఎవరు వచ్చినా ముందు చెడిపోయిన పాఠమొకటి చెప్పాలి, గొప్పలు ఆ తర్వాతే.

మెల్లగా జనం పెరిగారు. వాళ్ళలో ఒక పిల్లతల్లి ఉండేది. పాఠం చెబుతూ కాలితో ఉయ్యాల ఊపుతుందని ఆమెకు ఉయ్యాల టీచరని పేరు పడింది. కుట్టుపని ఆవిడ సంగతి విని ఆమె అంది: "తప్పు ముందు మీరే చేయండక్కా. తెలియనట్టు ఒత్తు ఎగ్గొట్టండి. వాళ్ళే మిమ్మల్ని దిద్దుతారు." ఒత్తుల టీచరుకు ఒళ్ళు జలదరించింది. కావాలని ఒత్తు ఎగ్గొట్టడమా? మర్నాడు గుండె రాయి చేసుకుని ఎగ్గొట్టింది. ఆసుపత్రి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "టీచరమ్మా, కింద ఏదో మర్చిపోయారు" అంది. ఆ రోజు పాఠం పండింది. గురువారం ఎప్పుడొస్తుందా అని ఆవిడ ఎదురుచూడసాగింది.

ఈ సంగతి సంస్థకు తెలిసింది. మేనేజరు గదిలోకి వచ్చి ఎంతో మెచ్చుకున్నాడు. ఇంత మంచి పని కొద్దిమందికే ఎందుకు, అందరికీ ఉండాలన్నాడు. అప్పట్నుంచి రావడం తప్పనిసరి అయింది, కెమెరా ముందు కూర్చోవడం తప్పనిసరి అయింది. హాజరు వేసేవారు. గొంతు బాగుందని సారును సభ నడిపే బాధ్యుణ్ణి చేశారు. ఆయన మంచి మనసుతోనే ఒప్పుకున్నాడు. తమను గుర్తించారని సంబరపడ్డాడు కూడా.

రంగురంగుల బొమ్మలతో విజయగాథలు మొదలయ్యాయి. తెర నిండా ముఖాలు, పేజీలకు పేజీలు. చెడిన పాఠం ఊసెత్తేవాళ్ళే లేరు. తరగతులు పంచే మేనేజరు ఎదుట ఎవరు ఎత్తుతారు? ఒత్తుల టీచరుకు మాత్రం అది మింగుడు పడలేదు. ఒక గురువారం తన వంతు రాగానే, లారీ ఆయన చదువు మానేశాడనీ, తను తొందరపెట్టడం వల్లేననీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరో ఒకరు అందుకుంటారనుకుంది. అన్ని ముఖాలూ బొమ్మల్లా చూశాయి. మేనేజరు నిజాయితీకి కృతజ్ఞతలు చెప్పి, మరుసటి వారం ఆవిడ తరగతుల్లో సగం వేరేవాళ్ళకు మార్చాడు. ఆవిడకు శిక్షణ అవసరమన్నాడు.

సారుకు ఫోను చేసింది. ఆయన గొంతు ఆ రోజు చిన్నదైంది.

"నన్నేం చేయమంటారండీ? అంతమందిలో మీరలా చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పడానికే కదండీ ఆ గది పెట్టుకున్నాం."

"అప్పుడు మనమిద్దరమే కదా," అన్నాడాయన.

ఆ మాట ఆవిడ మనసులో చాలాకాలం ఉండిపోయింది. ఇదివరకు ఎవరూ తెలియరు కాబట్టి ఒంటరితనం. ఇప్పుడు అందరి ముఖాలూ తెలుసు, ఎవరి ఇంట్లో ఏ రంగు కర్టెన్ ఉందో కూడా తెలుసు. అయినా పలకరించేవాళ్ళు లేరు. ఇది మరీ బరువుగా ఉంది. సారు ఆ తర్వాత ఫోను చేయలేదు, ఆవిడా చేయలేదు.

కొన్నాళ్ళు ఊరుకుంది. ఊరుకోలేక, సోమవారం మధ్యాహ్నం తన సొంత గది ఒకటి తెరిచి, మనసుకు నచ్చిన నలుగురైదుగురికి కబురు పెట్టింది. ఎవరూ రాలేదు. భయం ఎవరికుండదు? ఆవిడ ఎదుట ఖాళీ తెర పెట్టుకుని, చదువుకునేవాళ్ళు రాసి పంపిన దస్తూరీలు దిద్దుకుంటూ కూర్చునేది. చెల్లెలు తడిబట్టలు ఆరేయడానికి వచ్చి, "ఎవరితో మాట్లాడుతున్నావక్కా?" అని అడిగితే, "ఇంకా రాలేదు" అనేది. వారాలు గడిచాయి. మానుకుందామని కూడా అనుకుంది.

ఒక సోమవారం తెర మీద ఒక నల్లటి గడి వెలిగింది. పేరు లేదు, ముఖం లేదు. కిర్రు కిర్రుమని ఉయ్యాల చప్పుడు మాత్రం వినిపించింది. ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. వెళ్ళేముందు ఆమె, "ఇవాళ నా పాఠం ఘోరంగా పోయిందక్కా" అంది. "చెప్పు" అంది ఒత్తుల టీచరు, కలం పక్కన పెట్టి.

క్రమంగా మరో ఇద్దరు వచ్చారు. అంతకు మించి పెరగలేదు. సంస్థ సభలు మూణ్ణెల్లకోసారికి దిగి, చివరికి ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాయి. సారు మాత్రం ఇటు రాలేదు. అభిమానం అడ్డొచ్చిందో, పిలవలేదనుకున్నాడో. ఆవిడ పిలిస్తే సరిపోయేది. పిలవలేకపోయింది.

ఆ చలికాలం ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట రావడం లేదు. కొన్నాళ్ళు నోరు విప్పవద్దన్నాడు డాక్టరు. సంస్థకు తెలిస్తే మిగిలిన తరగతులు కూడా పోతాయని ఆవిడ భయం. సోమవారం గదివాళ్ళు ముగ్గురూ ఆవిడను అడగకుండానే ఆ తరగతులు పంచుకున్నారు. తమ పూటలు సర్దుకుని ఆ పాఠాలు చెప్పారు.

ఆవిడ దుప్పటి కప్పుకుని, బాల్కనీలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింది. ఉయ్యాల టీచరు పాఠం చెబుతోంది. ఆసుపత్రి ఆవిడ ఒక పేరా మొత్తం ఆగకుండా చదివింది. ఎవరో ఏదో అంటే అందరూ గొల్లున నవ్వారు. తన పాఠంలో వాళ్ళు ఎన్నడూ అలా నవ్వలేదు. ఆవిడకు సంతోషం కలిగింది. ఆ వెంటనే, చెప్పుకోలేని ఒక చిన్న నొప్పి కూడా. తను లేకపోయినా లోటేమీ లేదు. ఇంతకాలం కోరుకున్నది ఇదే కదా అని తనకు తను సర్దిచెప్పుకుంది. పూర్తిగా సర్దుకోలేదు.

పాఠం ముగిసింది, అందరూ వెళ్ళిపోయారు. గడి మాత్రం ఆరిపోలేదు.

"అక్కా, వింటున్నారా?" అంది ఉయ్యాల టీచరు.

ఆవిడ గొంతు పెగలదు. ఫోను మీద గోటితో మెల్లగా తట్టింది.

"సరే, మీరేం మాట్లాడకండి. నేను బట్టలు మడతపెట్టుకోవాలి, కాసేపు ఇక్కడే ఉంటాను."

ఆవిడ కళ్ళు మూసుకుని, అవతల ఉయ్యాల కిర్రుమంటున్న చప్పుడు వింటూ కుర్చీలోనే వెనక్కి వాలింది.