స్టేజీ దగ్గర ఊరు లేదు

ఖమ్మం బస్టాండులో ఉదయం ఆరు గంటలకు పది నిమిషాలుందనగా భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది. ఇరవై ఎనిమిదేళ్లు బస్సులో నిలబడి బతికినవాణ్ణి కదా, కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది. కండక్టరుగా రిటైరై రెండేళ్లయింది. ఇప్పటికీ బస్సు కదలగానే చెయ్యి టికెట్ల మిషన్ కోసం చంక కింద తడుముతుంది. రిటైరైనవాళ్లకు పాసు ఉంటుంది, అయినా నేను టికెట్టే కొన్నాను. కొనకపోతే ఎవరైనా నన్ను పాత స్టాఫని గుర్తుపట్టి ముందు సీట్లో కూర్చోబెట్టి కబుర్లు పెడతారు. ఇవాళ ఎవరితోనూ డిపో కబుర్లు చెప్పే ఓపిక లేదు.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ గడపలో నిలబడి, "ఉద్యోగం జేసినన్ని దినాలు బస్సు దిగకపోతివి. ఇప్పుడు దిగుడే పనైంది నీకు" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. రిటైరైన కొత్తలో పక్కింటాయన ఏన్కూరు సంత ఏ రోజని అడిగితే నీళ్లు నమిలాను. ఏళ్ల తరబడి రోజుకు నాలుగుసార్లు "ఏన్కూరు, ఏన్కూరు" అని అరిచిన గొంతు నాది. ఆ ఊళ్లో సంత ఉందని కూడా నాకు సరిగ్గా తెలియదు. ఆ రోజు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి వారానికి ఒక్కసారి, నేను పేరు పెట్టి పిలిచిన ఏదో ఒక స్టేజీలో దిగడం మొదలుపెట్టాను. జూలూరుపాడు దారిలో ఒకచోట రోజూ ముగ్గురు ఆడవాళ్లు ఖాళీ గోతాలతో దిగేవారు. ఎందుకో ఒక్కనాడూ అడగలేదు. పోయి చూస్తే వెనకాల మోదుగు చెట్లున్నాయి, వాళ్లు ఆకులు కోసి విస్తళ్లు కుడతారు. చాలా చిన్న సంగతి. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అన్ని స్టేజీలూ దిగుతూ, ఒక్కదాన్ని మాత్రం రెండేళ్లుగా దాటవేస్తూ వచ్చాను. మణుగూరు, సారపాకల మధ్య అడవిలో ఉండే ఇప్పలగూడెం స్టేజీ అది. ఇరవయ్యేళ్ల కిందట నేను మణుగూరులో పనిచేసేవాణ్ణి. ఒక వానాకాలం మధ్యాహ్నం ఆ స్టేజీలో ఒక కోయ తల్లి, నాలుగైదేళ్ల ఆడపిల్లను భుజాన వేసుకుని ఎక్కింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. భద్రాచలం దవాఖానాకు అంది. కిలోమీటరు పోయామో లేదో, వాగు కల్వర్టు మీదుగా పారుతోంది. డ్రైవర్ బస్సు వెనక్కి తిప్పాడు. మణుగూరులో తనకెవరూ తెలియదని ఆ తల్లి ఏడుపు మొహం పెట్టింది. "అయితే మీ ఊళ్లోనే దిగిపో అమ్మా, రేపు పొద్దున పోదువు గాని" అన్నాను. నేనే పిల్లను ఎత్తి కిందికి దించాను. మణుగూరులో కూడా దవాఖానా ఉంది, నాకు ఆ సంగతి తెలుసు. తీసుకుపోతే నేను వెంట ఉండాల్సి వస్తుందనే ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధమాడినట్టే. సొంత ఊళ్లో దించాను, నలుగురు ఉంటారు, చూసుకుంటారు అని సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్ల బతికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అది తెలుసుకోవడానికే ఈ ప్రయాణం.

ఏడూ నలభైకి కొత్తగూడెం. బస్సు పావుగంట ఆగింది. ఇడ్లీ బాగుంది, చట్నీలో నీళ్లెక్కువ. రెండు ఇడ్లీలు తిని మిగతావి వదిలేశాను. అక్కడ ఎక్కిన ఒక గని కార్మికుడు నా పక్కన కూలబడి, "పాల్వంచ రాంగనే లేపు పెద్దాయినా, నైట్ డ్యూటీ జేసిన" అని నా భుజం మీదే తల వాల్చాడు. పాల్వంచ పొగ గొట్టాలు కనబడగానే నాకు తెలియకుండానే "పాల్వంచ, పాల్వంచ" అని గట్టిగా అరిచాను. బస్సంతా తిరిగి చూసింది. అతను ఉలిక్కిపడి లేచి, "నువ్వేంది, కండక్టర్ లెక్క అరుస్తున్నవ్" అంటూ దిగిపోయాడు.

తొమ్మిదిన్నరకు సారపాకలో దిగాను. జామాయిల్ కర్రల లారీలు రోడ్డు పక్కన వరసగా ఆగి ఉన్నాయి. మణుగూరు బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. నాకు నిలబడబుద్ధి కాక అటూ ఇటూ తిరిగాను. వట్టి చేతులతో పోతే ఏం బాగుంటుందని బండి మీద రెండు కిలోల బంగినపల్లి మామిడిపళ్లు కొన్నాను. కొంటుంటేనే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ పిల్ల లేకపోతే ఈ పళ్లు ఏ మొహంతో ఇస్తాను?

మణుగూరు బస్సులో కండక్టరు ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. ఆడవాళ్లందరికీ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు చకచకా కొడుతూ నా దగ్గరికొచ్చింది. ఇప్పలగూడెం అన్నాను.

"ఆడ దిగి ఏం జేస్తవ్ సార్? ఊరు శానా లోపటుంటది గద."

"తెలుసమ్మా" అన్నాను. నాకు తెలియదు. నేను అన్నేళ్లు తిరిగిన రూట్లో ఈ పిల్ల నాకు చెప్పడమేమిటని చిరాకేసింది.

పదిన్నరకు దిగాను. బస్సు పోయాక చూస్తే ఒక రేకుల షెడ్డు, తుప్పుపట్టిన బోర్డు, రెండు వైపులా టేకు చెట్లు. అంతే. ఒక ఇల్లు లేదు, టీ కొట్టు లేదు. బస్సు కిటికీలోంచి ఎప్పుడూ ఆ బోర్డే చూశాను, దాని వెనకాల ఊరుంటుందని అనుకున్నాను. కండక్టర్లకు ఊళ్లు స్టేజీలుగానే తెలుస్తాయి, ఎక్కడ బోర్డుంటే అక్కడే ఊరు. నేను ఆ తల్లినీ పిల్లనూ సొంత ఊళ్లో దించలేదు. ఈ షెడ్డు కింద దించాను. ఆ షెడ్డు అరుగు మీదే కాసేపు కూర్చున్నాను.

మట్టి బాట మూడు కిలోమీటర్లు. సగం దూరంలో బాటకు అడ్డంగా వాగు. ఇప్పుడు చుక్క నీరు లేదు, వట్టి ఇసుక. కల్వర్టు మీద ఆనాడు పొంగింది ఈ వాగే. ఇక్కడ ఒడ్డున మద్ది కొమ్మల్లో, నా తలకన్నా ఎత్తులో, పాత వరదకు కొట్టుకొచ్చిన చెత్తా చీర పేలికలూ చిక్కుకుని ఉన్నాయి. ఆ తల్లి పొద్దున దాటి వచ్చిన వాగు సాయంత్రానికి ఎంత లోతయిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అటు దవాఖానా లేదు, ఇటు ఇల్లు లేదు. వెనక్కి పోదామనిపించింది. మూడు గంటల దాకా తిరుగు బస్సు లేదు కాబట్టి ముందుకు నడిచాను. నా ధైర్యం అంతే.

ఊళ్లో ముప్పై ఇళ్లుంటాయి. పేరు తెలియకుండా మనిషిని వెతకడం ఎంత తంటా. వాన, జ్వరం, చిన్నపిల్ల, బస్సు వెనక్కి తిరిగిన రోజు అని చెప్పుకుంటూ పోయాను. పందిరి కింద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు కోయ మాటల్లో ఏదో అనుకుని, చివరి ఇల్లు చూపించారు. ఆమె పేరు సమ్మక్క. యాభై దగ్గర పడ్డ మనిషి, చింతపండు గింజ తీస్తోంది. ఖమ్మం నుంచి వచ్చానన్నాను. అసలు సంగతి అడగడానికి నోరు రాక, మామిడిపళ్ల సంచి చాపాను.

ఆమె చెయ్యి చాపబోయి, సంచిలో ఏముందో చూసి వెనక్కి తీసుకుంది.

"కొత్త మామిడి పండగ కాలే సారూ. ఊరంత కూడి మొక్కినంకనే మేం ముట్టేది. ఆ పందిరి మీద పెట్టు, ఇంట్లకు వద్దు."

"తెల్వక తెచ్చినమ్మా."

"తెల్వదులే. మా డ్రైవరన్న గూడ మొదటేడు గిట్లనే తెచ్చిండు. ఇప్పుడు పండగ నాడే వస్తడు, ఏటేటా."

"ఏ డ్రైవరన్న?"

"యాకూబన్న. మణుగూరు బస్సు నడిపిండు గద."

ఆ రోజు బస్సు తిప్పిన డ్రైవర్ యాకూబే. నేనెవరో తెలియదు కాబట్టి ఆమె మామూలుగా చెప్పుకుపోయింది. "వాగు చూస్తే మెడ లోతుంది. ఆ రేకుల కింద కూసున్న. పిల్లకు ఫిట్స్ వచ్చినయ్. ఇగ పోతదనే అనుకున్న. పొద్దు గూకేటాల్లకు యాకూబన్న మోటర్ సైకిల్ మీద ఎతుక్కుంట వచ్చిండు. మీ ఊరు వాగవతల గదమ్మా, నువ్వు ఈడనే ఉంటవని తెలుసు అన్నడు. మణుగూరు దవాఖానల ఏసిండు. ఐదు దినాలున్నం."

"పిల్ల?"

"నాగమణా? మొన్న వచ్చిపాయె. ఒక కొడుకు దానికి. బూర్గంపాడు దిక్కు మిర్చి ఏరబోయింది."

నేను తల దించుకుని ఏడ్చాను. ఆమె గాభరాపడి చెంబుతో నీళ్లిచ్చింది. నీళ్లు తాగి, ఆనాటి కండక్టర్ని నేనేనని చెప్పాను. సమ్మక్క నా మొహంలోకి చూసింది.

"అవ్, నువ్వే. పిల్ల తల తడవకుండ నీ తువ్వాల కప్పితివి." గింజలు చేటలోకి తోసి, కోపం లేకుండానే అంది. "ఊరేడుందో ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద సారూ."

ఆమె అంబలి పోసింది. ఆ గిన్నె ముందు కూర్చోవడానికి సిగ్గేసింది, అయినా తాగాను.

మూడూ పదికి తిరుగు బస్సు దొరికింది. దిగిన ప్రతి స్టేజీ గురించీ రాసుకున్నట్టే దీని గురించీ రాయబోయాను: ఇటు రావాలనుకునేవారు పొద్దుటి బస్సులోనే రావాలి, నీళ్లు వెంట తెచ్చుకోవాలి, వేసవిలోనే రావాలి. పళ్లు తేవాలంటే మాత్రం పండగ అయిందో లేదో ముందు కనుక్కోండి. ఇవన్నీ కాగితం మీద రాసుకుంటున్నానే గానీ మనసంతా యాకూబ్ చుట్టూ తిరుగుతోంది. పిల్ల బతికింది, ఇరవయ్యేళ్ల బరువు దిగింది. దిగిన క్షణంలోనే ఇంకోటి ఎక్కి కూర్చుంది. ఆ వాన తర్వాత కూడా మేమిద్దరం నాలుగేళ్లు ఒకే బస్సు మీద పనిచేశాం. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. ఒక్కనాడు కూడా ఆయన ఈ మాట ఎత్తలేదు. రిటైరయ్యాక వారానికో స్టేజీ దిగి, నేనేదో లోకాన్ని ఆరా తీస్తున్నాననుకున్నాను. పక్క సీట్లో మనిషి ఏం చేశాడో తెలియలేదు నాకు.

అయిదు గంటలకు పాల్వంచలో దిగి ఆయన ఇంటికి పోయాను. యాకూబ్ భాయ్‌కి డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, "రా సత్తెం" అని నన్ను పిలిచాడు. ఇప్పలగూడెం పోయొచ్చానని చెప్పాను. ఒలవడం ఆపాడు.

"ఎందుకు చెప్పలే భాయ్?"

"చెప్దామనే ఉంటి, సత్తెం. తెల్లారి అదే రోడ్డున పోయినం, యాదికుందా? నీళ్లు తీసినయ్. స్టేజీ వచ్చింది. ఆ పిల్ల ఏమైందో అని నువ్వు అంటవని అద్దంల చూసిన. నువ్వు అటు దిక్కు మొహం తిప్పుకొని రైట్ అన్నవ్. బండి తీసిన. అడగనోనికి చెప్తే నిన్ను తిట్టినట్టయితదని ఊకున్న."

"తర్వాత ఎప్పుడన్న చూసినవా, అడుగుతనేమో అని?"

"ఆ స్టేజీ వచ్చినప్పుడల్ల చూసిన."

నాలుగేళ్లు, రానూ పోనూ. నాకు మొహం చెల్లలేదు. లేచి పోదామని చెప్పుల్లో కాలు పెట్టాను, మళ్లీ తీసేశాను. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, ఆ వానలో పిల్లను బండి మీద ఎట్ల కూసోబెట్టినవ్ భాయ్, తొవ్వల ఏమైందని అడిగాను. ఆయన వెల్లుల్లి పక్కన పెట్టి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఏడింటి ఖమ్మం బస్సు పోయింది.