కోరపళ్లు లేని కోతుల వయసు

1958 వేసవిలో కర్నూలులోని ఒక చిన్న పరిశోధనశాలలో తాత్కాలిక సహాయకుడిగా చేరాను. కోతుల కనుగుడ్డును తిప్పే కండరాల్లో వయసుతో వచ్చే మార్పులను పరిశీలించడం నా పని. కండరాన్ని మైనంలో బిగించి, మైక్రోటోమ్ అనే కోత యంత్రంతో పలుచని పొరలుగా తీసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. వయసు మీరిన కండరకణాల్లో కేంద్రకం పక్కన గోధుమరంగు రేణువులు పేరుకుంటాయి.

మా ముసలి కోతుల కంటి కండరంలో ఆ రేణువులు కనిపించలేదు. కంటి కండరానికి ముసలితనం అంటదని మా అధికారి వ్యాసం సిద్ధం చేశారు. అది సభలో చదివాక నా ఉద్యోగాన్ని మరో ఏడాది పొడిగిస్తానన్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. వయసు మీరితే ఈ రేణువులు గుండె కండరంలో తప్పక చేరతాయి. అవే కోతుల గుండెలను కోసి చూశాను. అక్కడా లేవు.

విషయం చెబితే అధికారి నవ్వారు. "చేతికొచ్చిన బంగారాన్ని ఇంకా గీటు పెట్టి చూస్తాండావేమప్పా?"

"గీటు పెట్టకుండానే బంగారమంటే ఎట్లా సార్?" అన్నాను.

కోరపళ్లు లేని కోతులను ముసలివిగా లెక్కించడం మా పద్ధతి. భద్రపరిచిన ఆ కోతుల పుర్రెలను బయటికి తీశాను. కోరలు లేవు, నిజమే. కానీ చివరి దవడపళ్లు ఇంకా ఎముకలోనే ఉన్నాయి. అవి పూర్తిగా ఎదిగాక మొలిచే పళ్లు. అంటే ఈ కోతులు పడుచువి.

మరి కోరలు ఏమయ్యాయి? ఆ కోతులను మాకు అమ్మినవాడు కోతులాడించే ఓబన్న. అతన్ని బద్వేలు సంతలో పట్టుకున్నాను.

"మేమే పీకించినాం సామీ. ఆట చూసేటోళ్లను కరిస్తే తన్నులు మాకు గదా!"

"మరి ముసలివని ఎందుకు అమ్మినావు?"

"నేను యాడ చెప్పినా? నోరు తెరిచి చూసి మీ సారే ముసిల్దన్న్యాడు. పెద్ద సారు గదా, ఎదురు చెప్తే బాగుండదని ఊరకుండినా."

అధికారి వ్యాసాన్ని ఆపేశారు. నా పొడిగింపు కూడా ఆగింది. గడువు ముగిసేలోగా, కడపలో ఒక కుటుంబం పిల్లప్పటి నుంచి పెంచిన ముసలి కోతి చనిపోతే, అడిగి తెచ్చుకున్నాను. దాని కంటి కండరంలో రేణువులు ఉన్నాయి. అయితే అది ఒక్క జంతువే. అందువల్ల కంటి కండరానికి ముసలితనం వస్తుందని కూడా నేను వ్యాసం రాయలేదు.

కణాన్ని చూసి వయసు గురించి మాట్లాడాలంటే, ముందు జంతువు వయసును వేరే ఆధారంతో నిర్ధారించుకోవాలి. తర్వాత చేసిన ఉద్యోగాలన్నింటిలో ఆ క్రమాన్నే పాటించాను.