మాక్ డ్రిల్ ఉన్న పంక్తి వదిలేయి

ఒక పంక్తిని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అది నేను రాసింది కాదు. ఒక షిఫ్ట్ సూపర్‌వైజరు హడావిడిగా టైప్ చేసి వెళ్లిపోయిన పంక్తి. దాన్ని చదివినవాణ్ణి నేను. చదివి, లేదని చెప్పినవాణ్ణీ నేనే. నా భార్యకు కూడా ఈ సంగతి తెలియదు. మీ ముఖం నేనెరగను కనుక మీకు చెప్పగలనేమో.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పక్క రాష్ట్రంలో, బొమ్మసంద్రలోని ఒక ఫ్యాక్టరీలో, కంప్యూటర్ సెక్షన్‌లో చేరాను. ఇంకా ప్రొబేషనే. షిఫ్ట్ అయ్యాక సూపర్‌వైజర్లు ఆ పూట జరిగిందంతా ఇంగ్లీషులో ఒకే పంక్తిగా టైప్ చేసేవాళ్లు. నెలాఖరున ఆ పంక్తుల్లోంచి గాయాలను ఏరి సేఫ్టీ ఆఫీసుకు జాబితా ఇచ్చే ప్రోగ్రామ్ రాయమని నాకు అప్పగించారు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే రాతలో ఏ మాటను ఎలా వెతకాలో కంప్యూటర్‌కు చెప్పే నియమాలు, అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. గాయం అనే మాటను వెతకమని చెప్పడం తేలిక. ఎలాంటి చోట కనబడితే దాన్ని పట్టించుకోకూడదో చెప్పడమే కష్టం. నా మొదటి జాబితా నిండా మాక్ డ్రిల్ గాయాలే. ఉత్తుత్తి మంటలు, స్ట్రెచర్ మీద నవ్వు ఆపుకుంటూ పడుకున్న ఉత్తుత్తి క్షతగాత్రులు. మేనేజరు కాగితం నా బల్ల మీద పడేసి, అవన్నీ తీసెయ్యమన్నాడు.

తీసేశాను. గాయం అన్న మాటకు ఆనుకుని మాక్ డ్రిల్ అని ఉంటే ఆ ఒక్క గాయాన్ని వదిలేయమని రాయాలి. రెండు గంటలు తంటాలు పడ్డా అది కుదరలేదు. చివరికి దగ్గరి దారి పట్టాను. పంక్తిలో ఎక్కడ మాక్ డ్రిల్ అని ఉన్నా మొత్తం పంక్తినే వదిలేయి. జాబితా శుభ్రంగా వచ్చింది. మేనేజరు కాఫీ ఇప్పించాడు. గేటు దగ్గర ప్రమాదం లేని రోజుల బోర్డు ఒకటి ఉండేది. సెక్యూరిటీ అతను రోజూ పొద్దున్నే దాని మీద అంకె మార్చేవాడు.

ఓబులేసు కాంట్రాక్టు మనిషి, ఇనుప రేకులు నొక్కే ప్రెస్ మిషన్ మీద పని. కదిరి పక్కవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. క్యాంటీన్లో నా తెలుగు విని పలకరించిన దగ్గర్నుంచి అతనికి నేను 'మనోడు'. కొన్నాళ్లు కనబడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం కుడిచేతికి కట్టుతో మా గది దగ్గరికి వచ్చాడు. రెండు వేళ్లు పోయాయి. కాంట్రాక్టరు బయట నర్సింగ్‌హోమ్‌లో చూపించి ఊరుకున్నాడు. ఆ పంక్తి రాసిన సూపర్‌వైజరు బదిలీ అయిపోయాడు. గాయం కంప్యూటర్ జాబితాలో ఉంటే స్టోర్స్‌లో తేలిక పని ఇస్తామని, లేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని సేఫ్టీ ఆఫీసులో చెప్పారట.

"ఒక్కసారి చూడప్పా" అన్నాడు. "సూపర్వైజరు నా ముందరే టైప్ చేసినాడు. ఉండాది అది."

"చూస్తాన్నా. నొప్పి ఎట్లుంది?"

"సంగటి ముద్దకి మూడు వేళ్లు చాలప్పా. ప్రెస్సుకే చాలవంట." నవ్వాడు. "మనోడు లోపల ఉండాడు, నాకేం భయం అని ఇంట్లో చెప్పొచ్చినా."

లోపలికెళ్లి ఆ రోజు పంక్తి తెరిచాను. ఉంది. ముందు మాక్ డ్రిల్, దాని వెనకే ఓబులేసు. ఉత్తుత్తి గాయాలతో పాటు అసలు గాయాన్నీ నా నియమం మింగేసింది. ఈసారి నియమం సరిగ్గా రాశాను. ఆ రోజు రెండు గంటల్లో రానిది పది నిమిషాల్లో వచ్చింది. నడిపి చూశాను. తెర మీద కొత్తగా ఒకే ఒక పేరు.

అప్పుడు ఏం ఆలోచించాను? ఆ నెల జాబితా అప్పటికే హెడ్డాఫీసుకు వెళ్లింది. బోర్డు మీద అంకె మళ్లీ మొదటికి వస్తుంది. ఎవరి పొరపాటని అడుగుతారు. నా కన్ఫర్మేషన్ కాగితం వచ్చే వారం. ఇవన్నీ ఆలోచించానని ఇప్పుడు అంటున్నాను గానీ, నిజంగా ఆలోచించానా, లేక ఆలోచన కంటే ముందే చెయ్యి కదిలిపోయిందా? గాజు తలుపు అవతల అతను, నావైపు చూస్తే నా పనికి అడ్డమవుతుందనుకున్నాడో ఏమో, కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కొత్త నియమం చెరిపేశాను. పాతది తిరిగి పెట్టాను. బయటికొచ్చాను.

"లేదన్నా. ఆ రోజు ఏమీ లేదు."

"బాగా చూసినావా?"

"రెండుసార్లు చూసినా."

"నువ్వు చూసి లేదన్నావంటే లేదులేప్పా" అని, నన్నే ఓదారుస్తున్నట్టు ఎడమచేత్తో భుజం తట్టి వెళ్లిపోయాడు. మర్నాడు గేటు దాటుతుంటే బోర్డు మీద అంకె ఒకటి పెరిగి ఉంది.

మరుసటి నెల జాబితాకు ముందు ఆ నియమాన్ని ఎవరికీ చెప్పకుండా సరిచేశాను. పాత నెలలను మళ్లీ ఎవరూ వెతకరని తెలిశాకే సరిచేశాను. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకున్నాను. జాడ చెరిపేసుకోవడం అని ఇప్పుడు తెలుస్తోంది. తెలియక చేసిన పొరపాటని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నియమం రాసిన రోజుకు ఆ మాట సరిపోతుంది. ఆ మధ్యాహ్నానికి ఏ మాట సరిపోతుంది?

కొన్నేళ్లకు బెళ్ళందూరులో, కంపెనీ బస్సు సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా, కడుతున్న అపార్ట్‌మెంట్ గేటు ముందు ఒక వాచ్‌మన్ ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని కనిపించాడు. అతనో కాదో. నాది తలుపు పక్క సీటు. దిగితే పది అడుగులు. దిగలేదు. ఫోన్ తీసి, అందులో చూడడానికి ఏమీ లేకపోయినా చూస్తూ కూర్చున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ రోజు గాజు తలుపు తీసి అతనికి చదివి వినిపించాల్సిన పంక్తిని, ఒక్క మాటా వదలకుండా, తెలుగులోకి మార్చి ఇక్కడ రాస్తాను. నాకది కంఠతా వచ్చు.

మాక్ డ్రిల్ ముగిసింది, అందరూ లోపలికి వచ్చారు, ప్రెస్ దగ్గర ఓబులేసుకు గాయం, కుడిచెయ్యి, రెండు వేళ్లు, పని ఆగింది.

ఉందన్నా. నేను చూశాను.