నవనీత కారులో చల్లగాలి

రోహిణి కార్తెలో కొత్తవాడ గల్లీలకు రంగు ఉండదు. ఆరేసిన ఎర్ర నూలు కూడా దూరం నుంచి తెల్లగానే కనిపిస్తుంది. పొద్దెక్కేసరికి గోడల నీడలు గోడల కిందికే ముడుచుకుపోతాయి. ఆ వేళలోనూ నవనీత కారుకు మాత్రం నీడ ఉంటుంది. మరమగ్గాల షెడ్డు రేకుల చూరు కింద, ముక్కు షెడ్డు కిటికీ వైపు పెట్టి, ఒంటి మీద పాత జంపఖానా కప్పుకుని, మేతకు పోని బర్రెలా నిలబడి ఉంటుంది.

ఆ చోటు ఇచ్చింది ఆమె అత్త భాగ్యమ్మ. అది భాగ్యమ్మ ఏళ్ల తరబడి కూర్చుని కండెలు చుట్టిన చోటు. "మనమంటే చెట్టు కిందికన్న ఉరుకుతం. అది యాడికి పోతది పాపం" అని తన పీట, రాట్నం పక్కకు జరుపుకుంది. కోడలు కారు నడుపుతానన్న రోజు వాడలో నవ్వని మనిషి కూడా ఆమె ఒక్కతే. "నా చేతులు మగ్గం మీద అడ్డంగ ఆడినయి, నీ చేతులు స్టీరింగ్ మీద గుండ్రంగ ఆడనీయి" అని మాత్రం అంది.

నవనీత పెళ్లయి వచ్చిన నాటి నుంచి జంపఖానాలు నేసింది. భర్త ఓంకార్ ఇంటి పక్కనున్న ఆ షెడ్డులోనే మరమగ్గాలు నడుపుతాడు. జంపఖానాలు కొనేవాళ్లు తగ్గి, మగ్గం మీద పడుగు ఎక్కించని నెలలు పెరిగినప్పుడు ఆమె ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పే చోటికి వెళ్లింది. నేర్చుకుని, పాత కారు ఒకటి కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టింది. పోగు తెగకుండా చూసుకున్న మనిషి కాబట్టి బ్రేకు మీద కాలు మెత్తగా పడేది. ఎక్కినవాళ్లు కునుకు తీసేవాళ్లు. అట్లా నోటిమాట మీద హసన్‌పర్తి దాకా ఆమె పేరు వెళ్లింది. రాజలింగు దగ్గరికి కూడా అట్లాగే వెళ్లింది.

రాజలింగు హసన్‌పర్తిలో పత్తి పండించిన రైతు. రెండు కిడ్నీలూ పని మానేశాయి. వారానికి మూడుసార్లు హన్మకొండ దవాఖానలో డయాలసిస్. కూతురు దీప ప్రైవేటు బడిలో పంతులమ్మ. రోజూ సెలవు దొరకదు కాబట్టి, తండ్రిని తీసుకుపోయి తీసుకొచ్చే పని నవనీతకు అప్పగించింది.

ఆయనకు రోగం కన్నా దాహం పెద్ద కష్టం. ఒంట్లో చేరిన నీళ్లు బయటికి పోవు కాబట్టి డాక్టర్లు కొలత పెట్టారు. పొద్దున్నే దీప ఒక చిన్న స్టీలు చెంబులో నీళ్లు పోసి కిటికీలో పెడుతుంది. రోజు మొత్తానికి అవే. చెరువు పక్క ఊళ్లో పుట్టి, బాయి మోటారుకు నోరు పెట్టి తాగిన మనిషి సాయంత్రం దాకా ఆ చెంబులో ఒక గుక్క మిగుల్చుకోవడమే పనిగా బతుకుతున్నాడు.

మొదటిసారి కారెక్కిన రోజు ఆయన ముందు సీట్లో కూర్చుని, చల్లగాలి వచ్చే జాలీ మీదికి ముఖం వంచి, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఏమైంది పెద్దబాపూ, తల తిరుగుతాందా?" అని నవనీత భయపడింది.

"లే బిడ్డా. తాగుతాన" అన్నాడు ఆయన. "గాలి తాగొద్దని డాక్టర్ చెప్పలేదు గద."

అప్పటి నుంచి కారులో చల్లదనం నవనీతకు ఒక బాధ్యత అయింది. వేసవిలో కారును ఎట్లా చల్లబరచాలో ఆమె ఎవరినీ అడగకుండానే నేర్చుకుంది. దవాఖాన ముందు ఎండలో నిలిపిన కారు లోపల పొయ్యిలా ఉంటుంది. ఎక్కగానే అద్దాలు మూసి ఏసీ పెడితే ఆ వేడినే తిప్పి తిప్పి మొహాన కొడుతుంది. అందుకని ముందు నాలుగు తలుపులూ తెరిచి వేడిని బయటికి పోనిచ్చేది. అద్దాలు కొంచెం దించి కాస్త దూరం నడిపేది. ఆ తర్వాతే మూసి, లోపలి గాలినే మళ్లీ చల్లబరిచే మీట నొక్కేది. అప్పుడు మెల్లగా, చెరువు మీద సాయంత్రం దిగినట్టు, చల్లదనం దిగేది.

ఈ ఎండాకాలం అది దిగడం మానేసింది.

పొద్దున పోయేటప్పుడు బాగానే ఉండేది. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు గాలి ముసలిదయ్యేది. బండి ఉరుకుతుంటే కొంచెం నయం. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, జాలీలోంచి వేడి ఊపిరి తగిలేది. ములుగు రోడ్డు మీద మెకానిక్ రాజమల్లు గ్యాస్ నింపాడు. నాలుగు రోజులకే మళ్లీ అదే వరస.

"కంప్రెసర్ అలిసిపోయిందక్కా" అన్నాడు రాజమల్లు. "పాత బండి. బయట నలభై అయిదు, నలభై ఆరు ఉంటే కొత్త కార్లే మూలుగుతానయి."

"కొత్తవి మూలిగితే మూలుగనీ. నా దాంట్ల దాహమైన మనిషి కూసుంటడు తమ్మీ."

రాజమల్లు మెడ గోక్కున్నాడు. కంప్రెసర్ మార్చడం ఇప్పట్లో ఆమె వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. నవనీత తనకు తోచింది చేసింది. ఇంటి నుంచి బయల్దేరే ముందే, చూరు కిందే ఇంజను పెట్టి, ఏసీ తిప్పి, కారును బాగా చల్లబరిచాక పోవడం మొదలుపెట్టింది. రోజురోజుకూ ఆ చల్లబరిచే సేపు పెంచింది. అయినా రోజురోజుకూ కారు వేడెక్కుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం డయాలసిస్ ముగించుకుని వస్తుంటే రోడ్డు పని జరుగుతున్న చోట వాహనాలన్నీ ఆగిపోయాయి. ముందు లారీ, వెనక బస్సు. తారు మీద గాలి నీళ్లలా వణుకుతోంది. ఏసీలోంచి వస్తున్నది గాలి కాదు, ముందున్న లారీ ఊపిరి. నవనీత అద్దాలు దించింది. దుమ్ము, వడగాలి కలిసి వచ్చాయి. మళ్లీ ఎత్తింది. రాజలింగు పెదాలు తెల్లబడ్డాయి. ఆయన సీట్ల మధ్య ఉన్న ఆమె నీళ్ల సీసా తీసి, మూత విప్పి, ఆపకుండా తాగాడు. ఆమె చెయ్యి చాపింది కానీ లాక్కోలేకపోయింది. దాహంతో తాగుతున్న మనిషి చేతిలోంచి నీళ్లు లాక్కోవడం ఆమె ఎక్కడా నేర్చుకోలేదు.

సీసా ఖాళీ అయ్యాక ఆయన సిగ్గుపడ్డ పిల్లవాడిలా చూశాడు. "దీపకు చెప్పకు బిడ్డా" అన్నాడు.

చెప్పకుండానే తెలిసింది. తర్వాతి డయాలసిస్ నాటికి ఆయన కాళ్లు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరి ఆడలేదు. డాక్టర్లు కోప్పడ్డారు. ఇంటికి చేరాక రాజలింగు మంచం మీద గోడ వైపు తిరిగి ఒకే మాట అన్నాడు. వానలు పడేదాకా ఇక దవాఖానకు రాడు. ఆ సాయంత్రం దీప ఫోన్ చేసింది.

"అక్కా, వేరే కారు మాట్లాడుతానన్న. అద్గూడ ఒద్దంటాండు. ఎల్లుండి మళ్ల పోవాలె. పోకపోతే ఏమైతదో ఆయనకు ఎర్కే. ఎండల ఎండి సచ్చుడు కన్నా ఇంట్ల సచ్చుడు నయమంటాండు."

"నువ్వు పరేషాన్ గాకు" అంది నవనీత. ఫోన్ పెట్టేశాక తాను ఏ ధైర్యంతో ఆ మాట అన్నదో ఆమెకే అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున ఆమె అలవాటుగా చూరు కింద ఇంజను పెట్టి ఏసీ తిప్పింది. షెడ్డులో మరమగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. రేకుల్లో మేకులు ఊడిన చిల్లుల్లోంచి ఎండ సన్నటి కర్రల్లా కిందికి వాలి ఉంది. భాగ్యమ్మ చీపురు పట్టుకుని వచ్చి, ఒక కర్ర ముందు ఆగిపోయింది.

ఆ వెలుతురులో పత్తి నూగు తేలుతోంది. మగ్గాలు ఆడుతుంటే కిటికీలోంచి ఎప్పుడూ వచ్చే నూగే. మామూలుగా అది ఎటుపడితే అటు తిరుగుతుంది, దారి మరిచిన ఆలోచనలా. ఇప్పుడు అట్లా లేదు. చీమల బారులా వరస కట్టి, ఒకే వైపు, కారు ముక్కులోకి పోతోంది.

"నవనీతా, ఇటు రా. నీ కారు నూగు తింటాంది."

"కారు నూగు తినుడేందత్తమ్మా?"

"రా చూడు. దూడ పాలు గుంజినట్టు గుంజుతాంది."

నవనీత ఇంజను ఆపింది. నూగు బారు చెదిరిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ బారు కట్టింది. మళ్లీ ఆపి, కారు ముక్కు దగ్గరి జాలీ సందులోంచి వేళ్లు పెట్టింది. సన్నటి రేకుల గూడులాంటిది చేతికి తగలాలి. మెత్తగా తగిలింది. గోటితో పట్టి లాగితే బూడిద రంగు దుప్పటి ముక్కలా ఊడి వచ్చింది. రోజూ మగ్గం సందుల్లోంచి దులిపే నూగు ఇక్కడ నెలల తరబడి పేరుకుని, గట్టిపడి, ఎవరూ నేయని బట్ట అయింది. లోపలి వేడిని బయటికి వదలాల్సిన చోట కారు కంబళి కప్పుకుని ఉంది.

భాగ్యమ్మ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని మడిచింది, విప్పింది. ముఖం చిన్నబోయింది.

"నీడ అని నేనే పెట్టించిన."

"చల్లగ చేస్తాననుకుంట నేను రోజు గంట గంట తినిపించిన" అంది నవనీత. "నీడది తప్పేం లేదత్తమ్మా. మనం కారు ముక్కు అటు తిప్పి పెడితే అయిపోయేది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు భాగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ నవ్వారు. షెడ్డులోంచి ఓంకార్ తొంగి చూసి, ఏమీ అర్థంకాక తానూ నవ్వాడు.

రాజమల్లు ముందు బంపరు విప్పి, తలపట్టుకున్నాడు. "గ్యాస్ చూసిన గాని ఇది చూడలే అక్కా. ఇది కారా, పరుపా?" రేకులు వంగకుండా, లోపలి వైపు నుంచి సన్నటి ధారతో కడిగాడు. బూడిద రంగు నీళ్లు చాలాసేపు కారి, చివరికి తేటగా వచ్చాయి. "ఇగ ఎండకు గట్టిగనే నిలబడతది. నడి పగటి పూట ఐస్ అయితే కాదు మరి, ముందే చెప్తాన."

"ఐస్ ఎవలడిగిండ్రు" అంది నవనీత.

ఆ మధ్యాహ్నమే, సూర్యుడు నెత్తి మీద ఉండగా, ఆమె హసన్‌పర్తి వెళ్లింది. రాజలింగు ఇంటి ముందు, నీడ అన్నది లేని చోట, కావాలనే ఎండలో కారు నిలిపింది. భాగ్యమ్మ ఇచ్చిన జంపఖానా ముందు అద్దం మీద పరిచింది. ఎర్ర, నీలి చారల కొత్తది. లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

"నేను దవాఖానకు రాను. దీప పంపిందా?" అన్నాడు రాజలింగు గోడతో.

"దవాఖానకు కాదు పెద్దబాపూ. ఊరికెనే కార్ల కూసుందాం రా."

ఆయన ఇటు తిరిగాడు. "యాడికీ పోకుంట కార్ల కూసునుడేంది? ఎండ దెబ్బ నీకు తగిలిందా, నాకా?"

"నిలబడ్డ కారే గద మొన్న నీ పానం తీసింది. నిలబెట్టే చూపిస్త. ఉడుకపోస్తే దిగిపో, ఇగ నేను అడగ."

ఆయన లేచాడు, పందెం అంటే రైతుకు ఉండే బలహీనతతో. ఆ రోజు ఇంట్లోనే ఉన్న దీప చెంబు పట్టుకుని వెనక నడిచింది. ఎదురింటి పూలమ్మ గడపలోంచే అడిగింది, "ఏం బావా, ఏ ఊరికి?"

"యాడికీ లేదు. కూసునేందుకు పోతాన."

"మంచిగుంది. నాకో సీటు ఆపు."

నవనీత తలుపులు తెరిచి వేడిని పోనిచ్చింది. ఆయన కూర్చున్నాక తలుపులు మూసి ఏసీ పెట్టింది. మొదట వెచ్చని గాలే వచ్చింది. రాజలింగు ఆమె వైపు చూడకుండా జంపఖానా చారల మధ్య వెలుతురును చూస్తూ కూర్చున్నాడు. ఆమె చేతులు కారు నడపకపోయినా స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఇంజను సన్నగా మూలిగింది. ముందు భాగంలో ఫ్యాను తిరగడం వినిపించింది. మొన్నటిలా ఉక్కిరిబిక్కిరిగా లేదు. ఈత తర్వాత ఒడ్డెక్కిన మనిషి ఊపిరిలా, తెరిపిగా ఉంది.

తర్వాత గాలి మారింది. మంచుగా కాదు. మొదటి వాన ఎక్కడో దూరంగా పడుతుంటే ఇక్కడికి చేరే గాలి ఉంటుందే, అట్లా. మారి, అట్లాగే ఉండిపోయింది. బయట రోడ్డు వణుకుతూనే ఉంది. కోళ్లు గోడ కింద నోళ్లు తెరుచుకుని పడుకున్నాయి. లోపల రాజలింగు మెల్లగా జాలీ మీదికి ముఖం వంచి కళ్లు మూసుకున్నాడు.

చాలాసేపటికి అడిగాడు, "ఏం చేసినవే?"

ఆమె డ్యాష్‌బోర్డు అరలోంచి బూడిద రంగు ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. జరిగింది చెప్పింది. ఆయన ఆ నూగును బొటనవేలితో నలిపి, పోగు విడదీసి, వెలుతురుకు పట్టి చూశాడు.

"పత్తే" అన్నాడు. "నా చేన్లదే అయి ఉంటది. అమ్మిన గద, పగ పట్టి ఎంబడి వచ్చింది."

దీప వెనక సీట్లో నవ్వడం మొదలుపెట్టి, ఎందుకో కళ్లు తుడుచుకుంది. "నీళ్లు తాగుతవా బాపూ?" అని చెంబు ముందుకు చాపింది.

ఆయన చెంబులోకి చూశాడు. పొద్దున పోసినవి సగానికి పైగా ఉన్నాయి. పెదాలు ఒకసారి తడుపుకున్నాడు.

"ఉండనీ తియ్యి. ఇప్పుడేం దూప లేదు" అన్నాడు. నవనీత వైపు తిరిగాడు. "జర తగ్గియ్యి బిడ్డా, మోకాళ్లు గుంజుతానయి."

ఆమె మీట ఒక మెట్టు తగ్గించింది.

"రేపు పొద్దుగాల్నే వస్తవు గద?"

"వస్త పెద్దబాపూ."

"రా మరి. చెప్పుల జత గూడ గుమ్మంలనే పెట్టుకుంట" అన్నాడు ఆయన. కానీ అప్పుడే దిగలేదు. ఎక్కడికీ పోని ఆ కారులో ఇంకాసేపు కూర్చున్నాడు.